ఆకు దూసే నెల

పీకించేస్తే మాత్రం ఏమవుతుంది, పూయని మొక్క, ఈ వీధిలోనే ఎంతమంది పీకించలేదు, ఎదురింటివాళ్ళు కాయని జామచెట్టుని నిలువునా కొట్టించేశారు, మర్నాటి నుంచి అక్కడ స్కూటర్ పెట్టుకుంటున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ మాట తన నోటితో అనాలి. అదొక్కటే చిక్కు. సూర్రావు అనడు. అత్తగారు అనదు. హర్షిత అసలు ఏమీ అనదు. ముగ్గురూ మూడు వైపుల నుంచీ ఆ మాటని మెల్లగా తోసుకుంటూ తెచ్చి, దేవి కాళ్ళ దగ్గర పెట్టి, ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోయారు.

కాళ్ళకి చల్లగా తగిలింది. మల్లె పాదు నిండిపోయి, గట్టు తెగి, నీళ్ళు ఆమె పాదాల మీదుగా గేటు వైపు పోతున్నాయి. చేతిలో పైపు అలాగే ఉంది. పీకించడం గురించి ఆలోచిస్తూ కూడా దానికి నీళ్ళే పోస్తోంది.

మాఘమాసపు మంచు ఇంకా విడలేదు. తమ్మిలేరు గట్టు వైపు ఇళ్ళన్నీ తెల్లటి గుడ్డ కింద కప్పి పెట్టినట్టున్నాయి. దేవి కుళాయి కట్టేసి పొద వైపు చూసింది. ఏపుగా, నల్లటి ఆకుపచ్చగా, మనిషెత్తున ఉంది. ఎక్కడా ఒక్క ఎండుటాకు లేదు. ఇంత ఆరోగ్యంగా ఉండి పూయకపోవడంలోనే ఏదో ఉంది అనుకుంది, ఎప్పటిలాగే.

ఉగాది నాటికి ఇంటి ముందంతా పచ్చగా చేసెయ్యాలని సూర్రావు పట్టుదల. ఏలూరులో అతనిది వలల షాపు. చేపల చెరువుల వాళ్ళకి వలలు, తాళ్ళు, చెరువు మందులు అమ్ముతాడు. డాక్టర్ల ఇళ్ళ ముందు చూసిన పచ్చిక తన ఇంటి ముందూ ఉండాలని నెల రోజులుగా అంటున్నాడు. రేపు కడియం నర్సరీ నుంచి గడ్డి చాపలు వస్తాయి. ఈ లోపల ప్రహరీ వెంట కూరపాదులకి మడులు కట్టాలి, గులాబీలు కత్తిరించాలి, నేల చదును చెయ్యాలి. మల్లె సంగతి తేల్చాలి.

రాత్రి భోజనాల దగ్గర అడిగింది.

“ఏవండీ, మరి మల్లెపొద?”

“ఏం చేద్దామంటావు?”

“మీరు చెప్పండి.”

“నాదేముంది దేవీ. రోజూ వంట చేసుకుంటూ దాని మొహం చూసేది నువ్వు. ఉంచుదామంటే చుట్టూ వదిలేసి గడ్డి పరుస్తారు. తీసేద్దామంటే పొద్దున్న మీ తమ్ముడు వస్తాడుగా, గునపంతో ఓ గంట పని. నీ ఇష్టం.”

అని ఆవకాయ వేసుకున్నాడు. తెల్లవారగానే, ఆదివారమైనా, సరుకొచ్చిందని షాపుకి వెళ్ళిపోయాడు.

అది మంగతాయారు నాటిన మొక్క. సూర్రావు మొదటి భార్య. డెంగీ జ్వరమొచ్చి వారం తిరక్కుండా పోయింది. అప్పటికి కూతురు హర్షిత నాలుగో క్లాసు. ఇప్పుడు ఇంటర్. తల్లి పోయిన మరుసటేడు దేవి ఈ ఇంటికి వచ్చింది. పెళ్ళినాడే అత్తగారు ఆమె మంగళసూత్రాల పక్కన మరో చిన్న బంగారు బిళ్ళ గుచ్చింది. సవతి బొట్టు. రెండో పెళ్ళివాణ్ణి చేసుకున్న ఆడది, పోయినావిడని అలా మెడలో మొయ్యాలి. కొత్త చీర కడితే ముందు ఆ బిళ్ళకి తాకించాలి. పూలు పెట్టుకుంటే ముందు ఆవిడకి చూపించాలి. “అక్కా, ముందు నీకే” అనుకోవాలి. దేవి ఒక్కటీ తప్పలేదు. రాత్రుళ్ళు పక్కకి తిరిగి పడుకున్నప్పుడు సూత్రాలు తనతోపాటే తిరిగేవి. ఆ బిళ్ళ మాత్రం ఒక్క క్షణం ఆగి తిరిగినట్టుండేది.

మంగతాయారు ఉన్నప్పుడు ఈ మల్లె విరగబూసేదట. అత్తగారు తాడేపల్లిగూడెంలో పెద్దకొడుకు దగ్గరుంటుంది. ఫోన్ చేసినప్పుడల్లా ఉల్లిపాయల ధర ఒకటీ, మల్లె సంగతి ఒకటీ మాట్లాడుతుంది.

“వచ్చిన ఏడు పూయలేదంటే సరే. ఇన్నేళ్ళూ పూయకపోవడమేంటమ్మా? మంగ ఉండగా వీధి వీధంతా ఘుమఘుమలాడిపోయేది. దానికింకా మనసొప్పలేదు కాబోలు.”

“ఏం చెయ్యమంటారండీ?”

“నేనేం చెప్తాను తల్లీ. నీ చేతుల్లో పని.”

తన చేతుల్లో ఉన్నదల్లా నీళ్ళే. దేవిది కొల్లేటి లంక ఊరు. నాన్న చేపల చెరువు మీద కాపలా. ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి మాట “నీళ్ళెలా ఉన్నాయి?” అనే. జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసేముందు కూడా నాన్న చెరువు మట్టం చూసి వచ్చేవాడు. నీళ్ళు తగ్గితే చేప నోరు తెరుచుకుని పైకి వస్తుంది. పైకొచ్చిన చేప ఇక కిందకి పోదు. అక్కడ పెరిగిన మనిషికి ప్రాణమున్న దేన్ని చూసినా చెయ్యి ముందు నీళ్ళ కోసమే పోతుంది. మల్లెకి పొద్దున్నా సాయంత్రం పోసింది. వానాకాలంలో పోసింది, చలికాలంలో పోసింది. పుట్టింటికి వెళితే పక్కింటావిడకి చెప్పి పోయించింది. ఏటా తమ్ముడి చేత చెరువు మట్టి తెప్పించి మొదట్లో వేయించింది. ఎంత చేస్తే అంత ఆకు వేసింది తప్ప మొగ్గ తొడగలేదు.

పొద పెరిగి పెరిగి వంటింటి కిటికీ ఊచల్లోంచి లోపలికి వచ్చేసింది. బియ్యం కడుగుతుంటే మోచేతికి ఆకులు తగిలేవి. ఒకసారి ఉడికిన అన్నంలో ఓ ఆకు కనిపించింది. కూరలో ఉప్పు వేస్తుంటే కిటికీ వైపు చూడకుండా వెయ్యడం అలవాటైపోయింది, ఎంత వేస్తోందో ఎవరో చూస్తున్నట్టు.

అసలు భయం అది కూడా కాదు. వాసన. కొన్ని సాయంత్రాలు, పొయ్యి ముందు నిలబడి ఉండగా, గుప్పున మల్లెల వాసన వచ్చేది. అప్పుడే విచ్చిన పూలు ఎవరో తలనిండా పెట్టుకుని వెనక నుంచి వెళ్ళినట్టు. మొదటిసారి బయటికి పరిగెత్తి పొదంతా కళ్ళతోనే వెతికింది. ఒక్క మొగ్గ లేదు. రెండోసారి సూర్రావుని అడిగింది.

“మీకేమైనా వాసన వస్తోందా అండీ?”

“పోపు మాడుతోంది.”

ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. మనసు చేసే పని అని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన వాసన ఆగలేదు.

“అక్కా!”

దేవి ఒళ్ళు ఝల్లుమంది. గేటు అవతల చిన్న ట్రాలీ ఆటో దిగి, లుంగీ ఎగ్గట్టుకుంటూ తమ్ముడు కృష్ణబాబు నిలబడి ఉన్నాడు. వెనక నిండా నల్లటి చెరువు మట్టి.

“ఏంటే అలా ఉలిక్కిపడ్డావు? దెయ్యాన్ని చూసినట్టు.”

“నిన్ను చూస్తే అలాగే ఉంది మరి. ఆ గడ్డమేంట్రా?”

“ఫ్యాషనే. లంకలో ఆడపిల్లలు పడి చచ్చిపోతున్నారు తెలుసా.”

“గడ్డానికి కాదులే, కంపుకి.”

“నువ్వూ ఆ కంపులో పుట్టినదానివే. ఏలూరు వచ్చి సెంటు పూసుకోగానే సరా?” అని నవ్వుతూ వెనక తలుపు దించాడు. మట్టి పెళ్ళలు పెళ్ళలుగా జారిపడింది. మధ్యలో నత్తగుల్లలు తెల్లగా మెరిశాయి. “మన చెరువుదే. ఇప్పుడే ఎండగట్టారు. బీటల్లో కాలు పెడితే మోకాలి దాకా దిగిపోద్ది. బావగారేరి?”

“షాపుకెళ్ళారు.”

“పనున్న రోజు భలే వెళ్తారు. తెలివైనోరు.”

ఇద్దరూ పనిలో పడ్డారు. ప్రహరీ వెంట నేల గుల్లచేసి, చెరువు మట్టి పొడిచేసి కలిపారు. గోరుచిక్కుడుకి ఒక మడి, బెండకి ఒక మడి, మూలన ఆనప పాదు. కృష్ణబాబు బంతినారు కట్ట విప్పి వరసగా గుచ్చుతుంటే, దేవి గులాబీ కొమ్మలు కత్తిరించింది. మంచు విడిపోయి ఎండ వచ్చింది. తవ్విన నేల లోంచి లేచే తడివాసనకి ఆమెకి కాసేపు ఏ భయమూ గుర్తురాలేదు. చేతికి మట్టి అంటితే మనిషి మామూలు మనిషైపోతాడు అనుకుంది. అంతలో మేడ మీద బాల్కనీలో కుర్చీ జరిగిన చప్పుడైంది.

హర్షిత పుస్తకం పట్టుకుని కూర్చుంది. సెలవురోజుల్లో అక్కడే కూర్చుంటుంది.

“టిఫిన్ తిన్నావా అమ్మా?” దేవి తలెత్తి అడిగింది.

“తిన్నానండి పిన్నీ.”

ఏనాడూ ఎదురు మాట్లాడని పిల్ల. ఏనాడూ ‘మీరు’ తప్ప అనలేదు. వాళ్ళమ్మని ‘నువ్వు’ అనేదని ఒకసారి సూర్రావే మాటల్లో చెప్పాడు. ఆ ‘అండి’ వినబడ్డప్పుడల్లా మధ్యలో ఎవరో మెల్లగా, చప్పుడు కాకుండా, తలుపు దగ్గరికి వేసినట్టుండేది దేవికి.

“ఇంక ఆ పొదేగా?” కృష్ణబాబు గునపం అందుకున్నాడు. “బావగారు తీసేయమన్నారా?”

“నీ ఇష్టం అన్నారు.”

“అంటే తీసేయమన్నట్టే.”

“అంటే ఏమీ అనలేదన్నట్టురా.”

“సరే, నువ్వేమంటావు?”

దేవి పొద వైపు చూసింది. రేపటి నుంచి ఇక్కడ గడ్డి ఉంటుంది. కిటికీలో వెలుతురుంటుంది. ఉప్పు ఎంత వేసినా ఎవరూ చూడరు. లేదా, మొక్క పోయినా చూసేది మాత్రం మిగులుతుంది. అప్పుడు దానికి నిలబడడానికి చోటుండదు. ఇంట్లోకి వస్తుంది. ఇలా ఒకదాని మీద ఒకటిగా ఆలోచనలు వస్తుండగానే నోరు తన పని తను చేసింది.

“కానియ్యి.”

అన్నాక ఆ గొంతు ఎవరిదోలా వినబడింది.

కృష్ణబాబు కొమ్మలు ఒక పక్కకి తొక్కిపట్టి మొదట్లో గునపం దింపాడు. తడి నేల ఇనుముని సగం దాకా మింగి, పైకి లాగబోతే వదల్లేదు.

“ఇదేంటే బాబూ, చెరువులో తవ్వినట్టుంది! ఎన్ని నీళ్ళు పోశావే దీనికి?” అని ఊడలాగి మళ్ళీ పొడిచాడు. లోపల ఏదో వేరు తెగిన చప్పుడు, ఎముక విరిగినట్టు పొడిగా కాదు, మెత్తగా, నానినట్టు.

“మావయ్యా! ఆగండి!”

మెట్ల మీద కాళ్ళ చప్పుడు. హర్షిత చెప్పుల్లేకుండా వచ్చి రెండు చేతులా గునపం పట్టేసుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి.

“ఏంటి పాపా, కాలి మీద పడుద్ది, వదులు.”

“వద్దండి. ఉండాలి. పూయకపోయినా ఉండాలి.”

దేవికి ఒక్కసారిగా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అన్నారు. “సరేనమ్మా, ఉంచేద్దాం,” అంది ఆదరాబాదరాగా. “నీళ్ళు పోస్తూనే ఉందాం. ఎప్పటికో అప్పటికి పూయకపోదు.”

హర్షిత నవ్వింది. ఆ నవ్వు దేవి ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదు.

“నీళ్ళు పోస్తే పూయదండి పిన్నీ. అమ్మ దీన్ని ఏటా చంపేసేది.”

“చంపడమేంటి?” అన్నాడు కృష్ణబాబు.

“చలికాలం రాగానే నీళ్ళు మానేసేది. వాడిపోతున్నా పోసేది కాదు. నేను ఏడ్చేదాన్ని. గ్లాసుతో దొంగతనంగా పోస్తే కొట్టింది కూడా. తర్వాత ఈ నెలలోనే ఓ రోజు పీట వేసుకు కూర్చుని ఆకంతా దూసేసేది. ఒక్క ఆకు ఉంచేది కాదు. పుల్లలు మిగిలేవి. మొదట్లో మట్టి లాగేసి వేళ్ళకి ఎండ కొట్టనిచ్చేది. చచ్చిపోయిందే అనుకున్నాక, అప్పుడు ఎరువేసి నీళ్ళు పెట్టేది. అప్పుడొచ్చేవి మొగ్గలు.”

వీధిలో ఐస్‌క్రీం బండి గంట కొట్టుకుంటూ పోయింది.

“నీకు మొదటి నుంచీ తెలుసా?” అంది దేవి.

“తెలుసండి.”

“మరి...”

“మీరు అడగలేదు కదండీ.” అని గునపం వదిలేసింది. అరచేతులకి అంటిన బురదని చూసుకుంటూ, వాటితోనే మాట్లాడుతున్నట్టు, అంది. “మీరు పొద్దున్నే పైపు పట్టుకుని నిలబడేవారు. నేను పైనుంచి చూసేదాన్ని. ఇవాళ కూడా పోసేస్తే చాలు, ఈ ఏడు గడిచిపోతుంది అనుకునేదాన్ని. పూయకపోతే ఇది అమ్మది. పూస్తే మీరు కోస్తారు. కోసి, ఆ బిళ్ళకి చూపించి, తల్లో పెట్టుకుంటారు. అమ్మ అంటే ఆ బిళ్ళ కాదండి.”

దేవి చెయ్యి మెడ దాకా వెళ్ళి, అక్కడ ఏం చెయ్యాలో తెలియక దిగిపోయింది. ఇన్నేళ్ళూ వంటింటి కిటికీలోంచి చూస్తోందనుకున్న కళ్ళు, మేడ మీద కుర్చీలో కూర్చుని చూశాయి. ఒప్పుకోనిది పోయిన మనిషి కాదు. పొద్దున్నే తను జడ వేసిన పిల్ల.

“ఓస్, ఇంతేనా!” కృష్ణబాబు నుదురు తుడుచుకున్నాడు. వాతావరణం తేలిక చెయ్యాలని అతని తాపత్రయం. “మన చెరువు ఎండగట్టినట్టేగా. ఏటా నీళ్ళు తోడేసి బీటలివ్వకపోతే చెరువు చెడిపోద్దని పుట్టిన దగ్గర్నుంచీ చూసిందానివి. నీకు తట్టలేదేంటే అక్కా?”

తట్టలేదని చెప్పబోయింది. నోటి దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

కిందటేడు ఇదే రోజుల్లో నీళ్ళ మోటారు కాలిపోయింది. మెకానిక్ ఇవాళ రేపు అంటూ తిప్పాడు. పొద తలలు వాల్చేసింది. ఆ సాయంత్రం కిటికీలోంచి వచ్చిన కొమ్మ కొసన, రెండు ఆకుల నడుమ, ఆవగింజంత తెల్లది ఒకటి కనిపించింది. దేవి దాన్ని చూసింది. చూసి, పొయ్యి కట్టేసి, పక్కింట్లోంచి బిందెతో నీళ్ళు మోసుకొచ్చి పోసింది. ఒక బిందె కాదు. నడుము పట్టేసేదాకా మోసింది. పాపం ఎండిపోతోంది కదా, అనుకుంది పోస్తూ. మర్నాడు ఆ కొస వైపు చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు. చూసిన సంగతే ఈ క్షణం దాకా తనకి గుర్తులేదు.

పూస్తే మొదటి పువ్వు తనది కాదు. అందుకేనా? లేక పూస్తే, ఇంక ఆ వాసనకి భయపడడానికి కారణం ఉండదనా? ఆ భయం లేకపోతే ఈ ఇంట్లో తను ఇంకేమిటని? మేడ మీద ఒకరు, కింద ఒకరు, ఏనాడూ మాట్లాడుకోకుండా, ఒకే మొక్కని చెరో వైపు నుంచీ పట్టి ఆపారు. మధ్యలో పోయినావిడ లేదు, ఎవరూ లేరు. ఎవరూ లేరని తెలిశాక, పట్టపగలు, తమ్ముడు పక్కన ఉండగా, ఇదివరకెన్నడూ లేనంత భయం వేసింది.

“ఇంతకీ తవ్వనా, మాననా? ఏదో ఒకటి చెప్పండి. ఆకలేస్తోంది,” అన్నాడు కృష్ణబాబు.

హర్షిత మెట్టు మీద కూర్చుంది. తలెత్తలేదు.

“ఇప్పుడు దూస్తే పూస్తుందా?” అడిగింది దేవి.

“ఏమోనండి. నీళ్ళు మానేసి ఉండాల్సింది ఇప్పటికే. వేరు కూడా తెగింది.”

“చచ్చిపోతుందా?”

“చచ్చిపోవచ్చు.”

పిల్ల గొంతులో కోరికా లేదు, బెదిరింపూ లేదు. దేవి చీర చెంగు బొడ్లో దోపుకుంది. పాదులో మిగిలిన నీళ్ళలో కాలు పెట్టి పొద దగ్గరికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో దాన్ని తనంతట తను ఎన్నడూ చేత్తో ముట్టుకోలేదని, పైపు పొడవు దూరం నుంచే పెంచిందని అప్పుడు తెలిసింది. ఆకులు అనుకున్నంత చల్లగా లేవు. ఎండకి వెచ్చబడి, మనిషి చెయ్యిలా ఉన్నాయి.

ఎడమచేత్తో ఓ కొమ్మ కొస పట్టుకుంది. కుడి పిడికిలి దాని చుట్టూ బిగించి, మొదలు దాకా దూసింది.